కొండ, ఏరు, జీను – నాలుగో పాఠం: బరువు పాదాల మీద

గత మూడు పాఠాల్లో ఊపిరి, ఈత, సామాను సర్దుకోవడం చూశాం. ఈ వారం పాదాలు. గంగలో తెప్ప, కొండదారిలో సైకిలో గుర్రమో, ఆ తర్వాత నిటారు బండ: ఈ మూడూ ఒకే యాత్రలో చేయాలనుకునేవారు చాలామంది ముందుగా భుజాలకు, చేతులకు కసరత్తు మొదలుపెడతారు. తెడ్డు వేసేవి, కళ్లెం పట్టేవి, బండను అందుకునేవి చేతులే కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ మూడింటిలోనూ మనిషిని నిలబెట్టేవి కాళ్లు. చేతుల మీద బరువు వేసినవారు మొదటి రోజు సాయంత్రానికే అలసిపోతారు, రెండో రోజు పిడికిలి బిగియదు.

విశాఖపట్నం నుంచి భీమిలి వైపు వెళ్లేటప్పుడు తాటితోపుల్లో గీత కార్మికులు చెట్టు ఎక్కడం చూసే ఉంటారు. మరోసారి చూడండి, ఈసారి పాదాలనే చూడండి. రెండు పాదాలనూ కలిపి ఉంచే చిన్న బంధం మాను మీద ఆనుతుంది. కాళ్లు చాచి శరీరాన్ని పైకి లేపుతాడు. నడుముకున్న మోకు వెనక్కి పడకుండా ఆపుతుంది. పైకి చేరాక రెండు చేతులూ వదిలి గెల దగ్గర పని చేసుకుంటాడు. ఆయన బరువంతా పాదాలదీ మోకుదీ. ఈ పాఠంలో మనం నేర్చుకోవలసిందంతా ఆ మాను మీద ఉంది.

ఏటిలో పాదం

ఎక్కువసేపు ఇక్కడే ఆగుదాం, ఎందుకంటే ప్రాణానికి ముప్పు వచ్చేది ఎక్కువగా ఇక్కడే.

గాలి నింపిన రబ్బరు తెప్పలో మీరు కూర్చునేది లోపల కాదు, అంచు గొట్టం మీద. అంచు వెంట తాడు ఉన్నా, తెడ్డు వేసేటప్పుడు దాన్ని పట్టుకోలేరు, చేతుల్లో తెడ్డు ఉండాలి. అందుకే తెప్ప మధ్యలో అడ్డంగా గొట్టాలుంటాయి. ముందు కాలి పాదాన్ని ముందున్న అడ్డగొట్టం కిందికో, నేలకు అతికించిన పాదం తొడుగులోకో దూర్చాలి. వెనక కాలి పాదం వెనక గొట్టం కింద ఆనాలి. తెప్పకూ మీకూ ఉన్న బంధం ఆ రెండు పాదాలే. పాదం బిగువుగా ఉండాలి కానీ ఇరుక్కోకూడదు. కాలివేళ్లను వెనక్కి లాగితే వెంటనే బయటికి రావాలి. చీలమండ దాకా తోసి పెట్టుకుంటే, తెప్ప తిరగబడిన క్షణంలో అది మీ కాలిని వదలదు.

దీన్ని ఇంట్లోనే సాధన చేయవచ్చు. గట్టి మంచం పట్టె మీద పక్కకు కూర్చోండి. ఎదురుగా నేల మీద ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా పెట్టి, దాని అంచు కిందికి ముందు కాలి వేళ్లు దూర్చండి. చీపురు కర్రను తెడ్డులా పట్టుకుని నడుము నుంచి ముందుకు వంగి, వెనక్కి లాగండి. మోచేతులు మాత్రమే కదులుతుంటే తప్పు, ఛాతీ తిరగాలి. ఇంట్లో ఎవరినైనా మీకు చెప్పకుండా భుజం మీద ఓ మాదిరిగా నెట్టమనండి. తూలినప్పుడు చేయి మంచాన్ని పట్టుకోవడానికి పరుగెత్తుతుందా, పాదం బిగుస్తుందా? పాదం ముందు బిగిసేదాకా రోజూ చేయండి. పిల్లలకు ఈ పని అప్పగిస్తే మహా ఉత్సాహంగా నెడతారు.

నిజం తెడ్డుకు పైకొనలో అడ్డంగా ఒక పిడి ఉంటుంది. ఏం జరిగినా ఆ పిడి మీది చేయి తీయకూడదు. కుదుపులో వదిలిన పిడి పక్కవారి పళ్లకు తగలడం తెప్ప మీద తరచుగా జరిగే గాయం.

ఇప్పుడు నీళ్లలో పడిపోయారనుకుందాం. మంచులోంచి వచ్చే నది కాబట్టి చలికాలంలో నీళ్లు ఊపిరి పట్టేసేంత చల్లగా ఉంటాయి. మొదటి నిమిషం చేయాల్సిన పని ఒక్కటే: మొదటి పాఠంలో చెప్పుకున్నట్టు ఊపిరిని దారికి తెచ్చుకోవడం. తర్వాత వెల్లకిలా తేలుతూ, పాదాలు ప్రవాహం పోయే వైపు పెట్టి, బొటనవేళ్లు నీటి పైకి కనిపించేలా ఉంచండి. రాయి ఎదురైతే మోకాళ్లు కొద్దిగా మడిచిన కాళ్లే ముందుగా తాకి తోసేస్తాయి. తల చివర వస్తుంది.

పరుగెత్తే నీటిలో మోకాలి లోతు దాటితే నిలబడవద్దు. ఈ పాఠంలో ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకోగలిగితే ఇదే గుర్తుపెట్టుకోండి. కాలు కిందికి దించగానే పాదం రెండు రాళ్ల మధ్య ఇరుక్కోవచ్చు. వెనక నుంచి నీరు తోస్తుంది, శరీరం ముందుకు వంగుతుంది, ముఖం నీటిలో మునుగుతుంది. నడుము లోతు నీటిలోనూ మనిషి మునిగిపోయేది అలాగే. నీటి వేగం రెండింతలైతే అది మనిషిని తోసే బలం నాలుగింతలవుతుంది. అంత బలం ముందు తొడల్లో సత్తువ పనికిరాదు. ఒడ్డు పక్కన నీరు మందగించి, మీ పొట్ట ఇసుకకు తగిలేదాకా తేలుతూనే ఉండండి.

పాదాలు ముందు పెట్టే పద్ధతికి ఒక మినహాయింపు ఉంది. నీటికి అడ్డంగా పడిన చెట్టు, దాని కొమ్మల్లోంచి నీరు జల్లెడలోలా దూరిపోతుంటుంది. అక్కడికి పాదాలతో వెళితే కొమ్మల కిందికి లాగేస్తుంది. వీలైనంత దూరంగా ఈదిపోవాలి. తప్పించుకోలేకపోతే బోర్లా తిరిగి, తల ముందుకు పెట్టి, జోరుగా ఈది, మాను మీదికి ఛాతీతో ఎగబాకాలి.

ఒడ్డు నుంచి తాడు విసిరితే దాన్ని భుజం మీదుగా పట్టుకుని వెల్లకిలా ఉండండి. చేతికి చుట్టుకోవద్దు.

గాజువాక నుంచి ఒక పాఠకురాలు అడిగారు: మాకు సముద్రం పక్కనే ఉంది కదా, ఇదంతా ఆర్కే బీచ్‌లోనో యారాడలోనో సాధన చేయవచ్చా అని. వద్దమ్మా. మన తీరంలో ఏటా ప్రాణాలు పోతున్నాయి. కెరటం వచ్చి వెనక్కి పోతుంది కాబట్టి కాళ్లకు కాస్త విరామం దొరుకుతుంది, ఏరు ఒక్క క్షణం కూడా విరామం ఇవ్వదు. రెండూ వేరు సాధనలు. పైగా కెరటాలు విరగకుండా నునుపుగా, ప్రశాంతంగా కనిపించే పాయే సముద్రంలోకి లాగే పాయ. కొత్తవారు సరిగ్గా అక్కడే దిగుతారు. వెల్లకిలా తేలడం, జాకెట్టుతో ఈదడం బీచ్ రోడ్డులోని నగరపాలక సంస్థ ఈతకొలనులోనో, మీకు దగ్గరలోని మరో కొలనులోనో, శిక్షకుడు గట్టున ఉండగా నేర్చుకోండి. లైఫ్ జాకెట్టు పట్టీలన్నీ బిగించాక ఎవరినైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. జాకెట్టు చెవుల దాకా లేచిందంటే అది మీది కాదు, మార్చమని అడగండి.

నీటి జోరును ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుగా చెబుతారు. ఆరు అంటే దాదాపు దాటలేనిది. ఈ పాఠాలతో సిద్ధమయ్యేవారు మొదటిసారి మూడుతో ఆగాలని నా గట్టి అభిప్రాయం. రిషికేశ్‌లో జూలై, ఆగస్టు నెలల్లో వరద వల్ల తెప్పలు ఆపేస్తారు. ఆ రోజుల్లో ఎవరైనా తీసుకువెళ్తామన్నా వెళ్లవద్దు.

బండ మీద పాదం

మన కొండల రాయి ఎక్కువగా ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఈ భాగమంతటా ఉన్న పాత రాయి ఇది. వానకూ ఎండకూ అరిగి ఎర్రబారి, పొరలు పొరలుగా ఊడుతుంది. దీని మీద పెరిగిన కళ్లకు ఒక లాభం ఉంది: రాయిని నమ్మకుండా పరీక్షించడం అలవాటవుతుంది. ఏ అంచునైనా పట్టుకునే ముందు అరచేతితో తట్టండి. డొల్లగా మోగితే వదిలేయండి. పట్టుకున్నాక కిందికి లాగండి, మీ వైపు లాగవద్దు. తెలంగాణలో భువనగిరి గుట్ట అలా కాదు, అది ఒకే గ్రానైటు బండ. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మొదట శిక్షణ పొందింది అక్కడే. అక్కడి గరుకుదనం పాదాన్ని పట్టుకుంటుంది. మొదటి బండ కోసం ఊరు దాటగలిగితే అక్కడి శిక్షణకు వెళ్లడం మంచిది.

భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల మీద మాత్రం సాధన పేరుతో ఎక్కకండి. అవి బండలు కావు, గడ్డకట్టిన ఇసుక. మీ కాలి కింద జారే ప్రతి పెళ్లా వేల ఏళ్లలో పేరుకున్నది. భూవైజ్ఞానిక వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన చోటు అది. మంగమారిపేట దగ్గరి సహజ శిలాతోరణానికీ ఇదే మాట.

ఇక పాదం సంగతి. కొత్తవారు బండను ఉడుంపట్టు పట్టి, పొట్టను రాయికి అదుముకుంటారు. భయం చేయించే పని అది. ఏటవాలు బండ మీద అదే జారుడుకు కారణం. పొట్ట రాయికి దగ్గరైన కొద్దీ పాదాల మీది బరువు రాయిలోకి దిగకుండా దాని వెంట కిందికి జారుతుంది. పిరుదులు వెనక్కి తీసి, నిటారుగా నిలబడితే బరువు రాయిలోకి నొక్కుకుంటుంది, చెప్పు అడుగు పట్టేస్తుంది. శరీరం ఒప్పుకోదు, అయినా ఒప్పించాలి. బాగా నిటారు గోడ మీద మాత్రం నడుము రాయికి దగ్గరగా ఉండాలి.

పట్టు దొరకని నున్నటి చోట అరికాలి ముందు భాగమంతా ఆనించి మడమను దించండి. సన్నని అంచు దొరికితే బొటనవేలి లోపలి వైపు ఆనించండి. పాదం ఆనేదాకా కళ్లు దాని మీదే ఉంచండి. చాలామంది పాదం చేరడానికి గజం ముందే పై పట్టు కోసం తలెత్తుతారు. ఒకసారి ఆనించాక పాదాన్ని అటూ ఇటూ తిప్పవద్దు. చేతులు చాచి వేలాడనివ్వండి, మోచేయి వంచితే కండ త్వరగా అలుస్తుంది. మోకాలు మాత్రం ఎక్కడా రాయి మీద మోపకండి.

దీనికి సాధన మెట్లు. సింహాచలం తొలిపావంచా నుంచి కొండ మీదికి ఉన్న మెట్ల దారి చాలా మంచిది, దర్శనానికి వెళ్లినప్పుడే చేసుకోవచ్చు. పాదం ముందు భాగం మాత్రమే మెట్టు మీద ఆనించి, చప్పుడు లేకుండా ఎక్కండి. వెనక కాలితో నేలను తన్నకండి. బరువంతా ముందు కాలి మీదికి మార్చుకుని, ఆ కాలితోనే లేవండి. అలా ఇరవై మెట్లు, తర్వాత ఇరవై మామూలుగా. దిగేటప్పుడు ఇంకా నెమ్మదిగా దిగండి, ఎందుకంటే మోకాళ్లు పాడయ్యేది దిగుడులోనే. వెనక వచ్చే భక్తులకు దారి వదలండి.

జీను మీద పాదం

సైకిలు మీద దిగుడు దారిలో రెండు పెడళ్లూ సమానమైన ఎత్తులో ఉంచి, సీటు నుంచి ఒక బెత్తెడు లేచి, పెడళ్ల మీద నిలబడండి. అప్పుడు గతుకులను మోకాళ్లు మింగుతాయి. హ్యాండిలు మీద చేతులు తేలికగా ఉండాలి. ముందు బ్రేకే ఎక్కువగా ఆపుతుంది, కానీ మలుపులో కాకుండా మలుపుకు ముందే నొక్కాలి. శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్ ఎక్కి దిగినవారికి ఇది ఒక్క పూటలో వస్తుంది, అయితే అక్కడికి తెల్లవారుజామునే వెళ్లండి, బస్సులు మొదలుకాక ముందు. మన ఉప్పుగాలికి గొలుసు, బ్రేకు తీగలు తుప్పు పడతాయి, వారానికోసారి చూడండి.

గుర్రమైతే పాదం ముందు భాగం మాత్రమే రికాబులో (జీనుకు వేలాడే, పాదం ఆనే కడియంలో) ఉంచి మడమ దించండి. చిన్న మడమ ఉన్న బూటు తప్పనిసరి. మడమ లేని బూటు రికాబులోంచి అవతలికి దూరిపోతే, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది.

పాదాల సంరక్షణ

ఆషాఢ పౌర్ణమికి ముప్ఫై రెండు కిలోమీటర్ల సింహాచలం గిరిప్రదక్షిణ చేసినవారికి తమ బొబ్బలు ఎక్కడ వస్తాయో తెలుసు. ఆ చోట్ల యాత్రకు ముందే మెత్తటి పట్టీ వేయండి. పొద్దున తెప్ప, మధ్యాహ్నం బండ ఉన్న రోజున అసలు కష్టం నానిన చర్మం. నానిన పాదాన్ని బిగుతు బూటులో దూరిస్తే చర్మం ఊడివస్తుంది. నీటిలోంచి రాగానే తుడిచి, కనీసం గంటసేపు గాలికి ఆరనిచ్చి, పొడి సాక్సు వేసుకోండి. తెప్ప మీదికి వెనక పట్టీ ఉన్న సాండల్సో పాత కాన్వాసు బూట్లో చాలు. హవాయి చెప్పులు ఏటికి ఇవ్వడానికే పనికొస్తాయి. గోళ్లు ప్రయాణానికి మూడు రోజుల ముందు కత్తిరించుకోండి, ముందు రాత్రి వద్దు.

ఈ వారం పని: రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, సగంలో కాలు మార్చండి. మూడు రోజుల తర్వాత కళ్లు మూసుకుని ప్రయత్నించండి, పక్కన గోడ ఉండాలి. మంచం పట్టె సాధన పది నిమిషాలు. మెట్ల సాధన వారానికి రెండుసార్లు, మధ్యలో ఒక రోజైనా విశ్రాంతితో. మోకాలి చిప్ప కింద నొప్పి వస్తే మెట్లు ఆపి డాక్టరుకు చూపించుకోండి.

వచ్చే పాఠం ముడులు. చిటికెన వేలంత లావున్న తాడు మూడు మీటర్లు కొని, దగ్గర పెట్టుకోండి. నైలాను దొరికితే మంచిది. చివరలు పీచులు లేవకుండా కొవ్వొత్తి మంట మీద కాల్చి ఉంచండి.