కుండీలు వడియాలు కావు: ఇంట్లో సిమెంటు తోటకళ, 4వ పాఠం

ఈసారి చేమాకు అచ్చుతో పిట్టలకు నీళ్ళ పళ్ళెం చేయిస్తానని మాటిచ్చాను. చేయిస్తాను, కానీ చివర్లో. ముందు మూడో పాఠం మిగిల్చిన గొడవ తేల్చాలి.

మూడో పాఠంలో మీరు చేసిన హైపర్‌టూఫా కుండీల ఫొటోలు చూశాను. హైపర్‌టూఫా అంటే సిమెంటు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్ల గుళికలు) కలిపి చేసే రాయిలాంటి మిశ్రమం. కొన్ని అంచుల దగ్గర పగిలాయి. కొన్ని చేత్తో రుద్దితే బిస్కట్ పొడిలా రాలుతున్నాయట. ఒకరిద్దరివి మూడు రోజులైనా గట్టిపడలేదు, వేలు పెడితే దిగుతోంది. తప్పులో సగం నాది. "కోకోపీట్ కడగండి, కుండీని తడిగా ఉంచండి" అని రెండు ముక్కల్లో చెప్పి ముందుకెళ్ళిపోయాను. ఎందుకో చెప్పకపోతే ఎవరు మాత్రం పట్టించుకుంటారు?

ఒక ఫొటో మాత్రం మర్చిపోలేను. డాబా మీద పాత చీర పరిచి ఉంది. ఒక పక్క సగ్గుబియ్యం వడియాలు, పక్కనే కుండీ. రోహిణి కార్తె ఎండ. వడియాలు చక్కగా ఎండాయి. కుండీ పైనుంచి కిందికి చీలింది.

సిమెంటు ఆరి గట్టిపడేది కాదండీ. నీళ్ళు తాగి గట్టిపడేది. సిమెంటు, నీళ్ళు కలిసినప్పుడు రసాయనిక చర్య మొదలై, కంటికి కనపడని సన్నటి స్ఫటికాలు పుట్టి ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. ఆ అల్లికే బలం. మధ్యలో నీళ్ళు ఎగిరిపోతే అల్లిక అక్కడే ఆగిపోతుంది. పైకి గట్టిగానే ఉంటుంది, గోరుతో గీస్తే మాత్రం పొడి రాలుతుంది. మీ వీధిలో ఎవరైనా స్లాబు వేస్తే గమనించండి. మర్నాడు మేస్త్రి చేసే మొదటి పని, స్లాబు మీద సిమెంటుతో చిన్న చిన్న మడులు కట్టి నీళ్ళు నిలబెట్టడం. ఎండకు ఆరితేనే గట్టిపడేదైతే ఆయనకు ఆ పని దేనికి?

కాంక్రీటు పనికి మన దేశంలో ప్రమాణం ఐఎస్ 456. అది మామూలు ఓపీసీ (ఆర్డినరీ పోర్ట్‌లాండ్) సిమెంటుకు కనీసం 7 రోజులు, బూడిద కలిసిన పీపీసీ (పోర్ట్‌లాండ్ పొజొలానా) లాంటివాటికి కనీసం 10 రోజులు తడి ఉంచమంటుంది. ఎండ మండే పొడి రోజుల్లో ఏ సిమెంటుకైనా 10కి తగ్గకూడదు. ఆ లెక్క మందంగా ఉండే స్తంభాలకు, స్లాబులకు. మన కుండీ గోడ అంగుళంన్నర. లోపలి నుంచీ బయటి నుంచీ తడి పోతుంది. అందుకని నేను 14 రోజులు ఉంచుతాను, ఏ సిమెంటైనా సరే.

"నేను నీడలోనే పెట్టాను కదా" అన్నవాళ్ళకు: నీడలోనూ గాలి ఉంటుంది. ఫ్యాను కింద పెడితే ఇంకా త్వరగా ఆరుతుంది. "న్యూస్‌పేపర్ చుట్టాను" అన్నవారికి: పొడి కాగితం కుండీలోని నీళ్ళనే పీల్చుకుంది. "ఇటుకల మీద పెట్టాను": పొడి ఇటుకా అదే పని చేస్తుంది. "పొద్దున, సాయంత్రం నీళ్ళు చల్లాను": మధ్యాహ్నం పూర్తిగా ఆరి, సాయంత్రం తడిసి, మళ్ళీ ఆరి... అలా పదిసార్లయితే పగుళ్ళు మీరు పిలవకుండానే వస్తాయి.

సరైన పద్ధతి ఇది. కలిపి అచ్చులో పెట్టగానే పాలిథిన్ కవరుతో మూయండి. ఒకటిన్నర రోజు కదిలించొద్దు. గోరు గుచ్చితే దిగకుండా గీత మాత్రమే పడితే అచ్చు తీయండి. వైరు బ్రష్షుతో గీకి రాయిలా గరుకు తెప్పించడానికి అదే సమయం, ఇంకో రోజు ఆగితే చెయ్యి నొప్పే మిగులుతుంది. తర్వాత తడి గోనెసంచి చుట్టి, పైన మళ్ళీ పాలిథిన్. నేనైతే అంత ఓపిక పడను. అచ్చు తీసిన మర్నాడు కుండీని ఏకంగా నీళ్ళ డ్రమ్ములో ముంచేస్తాను. రోజూ చూసుకునే టెన్షన్ ఉండదు. సిమెంటులోని సున్నపు ఘాటు కూడా కొంత దిగుతుంది. ఆ నీళ్ళు మొక్కలకు మాత్రం పోయకండి.

ఇక మూడు రోజులైనా మెత్తగానే ఉన్న కుండీల సంగతి. ఇది ఎండ తప్పు కాదు, కోకోపీట్ తప్పు. ఇంగ్లండులో చలికొండల మొక్కలు పెంచేవాళ్ళు పాత రాతి తొట్లు దొరకడం కష్టమైనప్పుడు, టూఫా అనే తేలికపాటి సున్నపురాయిని పోలిన ఈ మిశ్రమాన్ని పట్టుకున్నారు. వాళ్ళు పీట్, అంటే చిత్తడి నేలల్లో కుళ్ళి పేరుకున్న నాచు, వాడారు. మనకు కోనసీమ కొబ్బరి ఉండగా పీట్ ఎందుకు? కాకపోతే కొబ్బరి పొట్టులో టానిన్లు (టీలో ఉండే వగరు పదార్థాల్లాంటివి), కొద్దిగా చక్కెరలు, ఉప్పు ఉంటాయి. చక్కెరకూ సిమెంటుకూ పడదు. చాలా కొద్దిగా కలిసినా గట్టిపడటం గంటల నుంచి రోజులకు జరిగిపోతుంది. టానిన్లూ అదే పని చేస్తాయి.

కాబట్టి కోకోపీట్‌ను వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వేసి పిండి, మళ్ళీ నానబెట్టండి. మొదటిసారి కషాయంలా వస్తుంది. నీళ్ళు పలచటి టీ రంగుకు వచ్చేదాకా కడగాలి, మామూలుగా మూడుసార్లు. నా అడ్డదారి ఒకటుంది: నిరుడు వానాకాలమంతా బయట తడిసిన గోనెసంచిలోని కోకోపీట్. వానే కడిగిపెట్టింది.

కడిగి పిండిన కోకోపీట్‌లో నీళ్ళు ఇంకా ఉంటాయి. కొందరు అది మర్చిపోయి పొడి దినుసులకు పోసినట్టు నీళ్ళు పోసేశారు. 2 మగ్గుల సిమెంటు, 3 కోకోపీట్, 3 పెర్లైట్ కలిపాక నీళ్ళు చిలకరిస్తూ రండి. పిడికిట్లో నొక్కితే సున్నుండలా నిలవాలి, వేళ్ళ సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీళ్ళు ఎక్కువైనట్టే.

సిమెంటు విడిగా కిలోల లెక్కన కొనకండి. నాకు ఒకసారి ఒక షాపులో కట్టిచ్చిన సిమెంటులో సెనగపప్పంత ఉండలు ఉన్నాయి. జల్లించి వాడదామనుకున్నాను. ఉండలు కట్టిందంటే గాలిలోని చెమ్మను అప్పుడే తాగేసిందని అర్థం. జల్లించినా మిగిలిన పొడిలో సత్తువ తగ్గిపోయే ఉంటుంది. బస్తా మీద తయారైన వారం, సంవత్సరం వేసి ఉంటాయి. మూడు నెలలు దాటినది నేను ముట్టను.

ఇప్పుడు చేమాకు. పెద్ద ఆకు కోసుకోండి, దురద వస్తుంది, గ్లోవ్సు ఎలాగూ వేసుకుంటారు. తడి ఇసుకను బోర్లించిన పళ్ళెంలా గుట్ట చేసి పాలిథిన్ పరవండి. ఆకు వెనకవైపు, అంటే ఈనెలు ఉబ్బి ఉన్న వైపు, పైకి ఉండేలా పరిచి కాడ కోసేయండి. దీనికి కోకోపీట్ వద్దు. ఒక వంతు సిమెంటు, మూడు వంతుల జల్లించిన సన్న ఇసుక. నడుమ నుంచి అంచుకు నొక్కుతూ రండి, నడుమ అంగుళం మందం, అంచున అరంగుళం. పాలిథిన్ కప్పండి. రెండు రోజుల తర్వాత తిప్పి ఆకు ఒలవండి. అతుక్కుపోయిన ముక్కల్ని గీకకండి, కుళ్ళి వాటంతటవే పోతాయి. తర్వాత 14 రోజులు డ్రమ్ములోనే, నీళ్ళు మారుస్తూ. టేకు ఆకు కూడా బాగుంటుంది. అరటాకు వద్దు, ఈనెలు పెద్దగా తేలవు.

అభ్యాసం. పైన చెప్పిన 2:3:3 కొలతతో ఒకే వాయి కలిపి నిమ్మకాయంత ఉండలు తొమ్మిది చేయండి. మూడు ఎండలో, మూడు నీడలో. మిగిలిన మూడింటిని ఒక రోజు పాలిథిన్ కింద ఉంచి తర్వాత నీళ్ళలో వేయండి. 3వ రోజు, 7వ రోజు, 14వ రోజు ఒక్కో గుంపులోంచి ఒక్కోటి తీసి, అదే సుత్తితో, ఒకే ఎత్తు నుంచి కొట్టండి. ఎన్ని దెబ్బలకు పగిలిందో పుస్తకంలో రాయండి. ఇది పూర్తి చేయకుండా చేమాకు జోలికి వెళ్ళొద్దు.

వచ్చే పాఠం రంగులు. తెల్ల సిమెంటు తెచ్చి పెట్టుకోండి, సీలు విప్పని ప్యాకెట్.