ప్రయాణంలో కారు నుంచి డ్రోన్ బ్యాటరీలు ఛార్జ్ చేసుకోవడం ఎలా?

తెల్లవారుజామునే కొండెక్కి రెండు బ్యాటరీలు ఎగరేసేస్తాం. మంచు విడిపోయి అసలు వెలుగు వచ్చేది అప్పుడే. మూడో బ్యాటరీ కూడా ఖాళీ. చుట్టుపక్కల ఎక్కడా ప్లగ్ పాయింట్ లేదు, కింద కారు ఒక్కటే ఉంది. అలాంటప్పుడు చాలామంది కారు ఆపి ఉన్నచోటే కూర్చుని ఛార్జింగ్ పెడతారు. దయచేసి అలా చేయకండి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి బండి నడిచే సమయమే మనకు ఛార్జింగ్ సమయం. మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే చేసుకోవాలి.

1. బయల్దేరే ముందే లెక్క వేసుకోండి

బ్యాటరీ మీద ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-అవర్లు) అంకె పెద్దగా కనిపిస్తుంది గానీ, మనకు కావాల్సింది వాట్-అవర్లు, అంటే అందులో పట్టే మొత్తం శక్తి. అది రాసి లేకపోతే ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి ఆంపియర్-అవర్లు (ఏహెచ్) చేసి, వాటిని వోల్టులతో గుణించండి. 15.4 వోల్టులు, 3850 ఎంఏహెచ్ ఉంటే 15.4 × 3.85, అంటే దాదాపు 59 వాట్-అవర్లు. ఛార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుంటే కారు నుంచి 70 దాకా లాగుతుంది. మూడు బ్యాటరీలకు 210. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 17.5 ఆంపియర్-అవర్లు.

ఇప్పుడు బానెట్ కింద ఉన్న బ్యాటరీ సంగతి చూడండి. చిన్న కార్లలో చాలావాటికి 35 నుంచి 45 ఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. ఇంజిన్ ఆపేసి మూడు డ్రోన్ బ్యాటరీలు నింపామంటే అందులో దాదాపు సగం ఖాళీ అయినట్టే. పైగా అది ఇంజిన్‌ను తిప్పడానికి కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇచ్చేందుకు తయారైన బ్యాటరీ. గంటల తరబడి నెమ్మదిగా ఖాళీ చేస్తే పాడైపోతుంది. జనసంచారం లేని చోట బండి స్టార్ట్ కాకపోతే, పోయేది ఫోటోలు మాత్రమే కాదు.

2. సాకెట్ ఎంత మోస్తుందో చూడండి

కారు మాన్యువల్‌లో 12 వోల్టుల సాకెట్ పరిమితి వాట్లలోనో ఆంపియర్లలోనో రాసి ఉంటుంది. 10 ఆంపియర్లు అని ఉంటే 120 వాట్లు, 15 అని ఉంటే 180. అంచుదాకా వెళ్లకుండా కొంత మిగుల్చుకోండి. ఫ్యూజ్ కొట్టేస్తోందని పెద్ద ఫ్యూజ్ మాత్రం ఎప్పుడూ వేయొద్దు. ఆ ఫ్యూజ్ కాపాడుతున్నది లోపలి వైర్లను. అది కొట్టేయకపోతే వైరు కాలుతుంది.

ఒక ప్రయాణంలో నా ఛార్జింగ్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఛార్జర్ పోయిందనుకున్నాను. ప్లగ్ బయటికి లాగి చూస్తే, చివరన ఉండే చిన్న స్ప్రింగ్ మొన చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి మెత్తబడి ఉంది. గుంతల రోడ్డు మీద కుదుపులకు ప్లగ్ వెంట్రుకవాసి వెనక్కి జరిగింది. ఆ కాస్త వదులుకే అక్కడ వేడి పుట్టింది. అందుకే ఛార్జింగ్ పెట్టిన పది నిమిషాలకు ప్లగ్ మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. వేలు ఉంచలేనంత వేడిగా ఉంటే వెంటనే తీసేయండి.

3. ఏ దారిలో ఛార్జ్ చేయాలి?

మీ డ్రోన్ ఛార్జింగ్ హబ్‌కు (బ్యాటరీలను పెట్టి ఛార్జ్ చేసే పెట్టె) యూఎస్‌బీ-సి ఉంటే, పీడీ (పవర్ డెలివరీ అనే వేగపు ఛార్జింగ్ పద్ధతి) ఉన్న 65 వాట్ల కారు ఛార్జర్ అన్నిటికంటే తేలిక. కేబుల్ విషయంలో జాగ్రత్త, 60 వాట్లు దాటాలంటే 5 ఆంపియర్ల కేబులే కావాలి. డ్యాష్‌బోర్డులోని పాత చదునైన యూఎస్‌బీ రంధ్రాన్ని నమ్ముకోకండి. 12 వాట్లతో ఒక్క బ్యాటరీ నిండడానికి ఆరు గంటలు పడుతుంది.

విడి లైపో (లిథియం పాలిమర్) ప్యాక్‌లు వాడేవాళ్లు కారు 12 వోల్టుల డీసీతో నేరుగా పనిచేసే బ్యాలెన్స్ ఛార్జర్, అంటే ప్యాక్‌లోని సెల్స్ అన్నిటినీ సమానంగా నింపేది, తీసుకోండి. సెల్స్ సంఖ్య సరిగ్గా పెట్టి, కరెంటును 1సి దగ్గర ఉంచండి. అంటే 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు.

ఇన్వర్టర్ నా దృష్టిలో ఆఖరి దారి. 12 వోల్టులను ఇంటి కరెంటుగా మార్చి, దాన్ని ఛార్జర్ మళ్లీ డీసీగా మార్చేటప్పుడు రెండుచోట్లా నష్టమే.

4. దించగానే పెట్టకండి

ఎగిరొచ్చిన బ్యాటరీ చేతికి వేడిగా తగులుతుంది. చాలా డ్రోన్ బ్యాటరీలకు 5 నుంచి 40 డిగ్రీల మధ్యే ఛార్జింగ్ చేయమని తయారీదారులు చెబుతారు. స్మార్ట్ బ్యాటరీ అయితే వేడి తగ్గేదాకా ఛార్జింగ్ తీసుకోదు. విడి ప్యాక్‌కు ఆ తెలివి ఉండదు కాబట్టి మనమే ఆగాలి. నీడలో, గాలి తగిలేచోట చల్లారనివ్వండి. తొందరపడి ఐస్ పెట్టెలో పెడితే లోపల తేమ చేరుతుంది. గడ్డకట్టే చలిలో ఇంకో ప్రమాదం ఉంది. సున్నా కంటే తక్కువ డిగ్రీల్లో ఛార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది.

5. ముందు ఇంజిన్, తర్వాత ప్లగ్

స్టార్ట్ చేసే క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా పడిపోయి మళ్లీ లేస్తుంది. ఆ కుదుపు ఛార్జర్‌కు తగలకూడదు. ఇంజిన్ నిలకడగా నడుస్తుంటే దానితో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ సాధారణంగా 13.8 నుంచి 14.4 వోల్టులు ఇస్తుంది. అప్పుడు ప్లగ్ పెట్టండి. సిగ్నళ్ల దగ్గర తానే ఇంజిన్ ఆపేసే కారైతే ఆ సదుపాయాన్ని ఆపేయండి. బండి దిగేటప్పుడు ప్లగ్ తీయడం మరవొద్దు. కొన్ని కార్లలో తాళంచెవి బయటికి తీసినా సాకెట్‌కు కరెంటు వస్తూనే ఉంటుంది.

6. కంటికి కనిపించేచోట పెట్టండి

డిక్కీలో, బట్టల కింద, సీటు కింద వద్దు. మంటకు తట్టుకునే లైపో సంచిలో, కదలకుండా, పక్కసీటు వాళ్లకు కనిపించేలా ఉంచండి. ఒక్కరే నడుపుతుంటే మధ్యమధ్యలో బండి పక్కకు ఆపి చూసుకోండి. ఏ కాస్త ఉబ్బినా ఆ బ్యాటరీని ఛార్జ్ చేయకండి, అది ఎంత ఖరీదైనదైనా సరే.

ఎక్కువ ఛార్జ్ మిగిలి ఉన్న బ్యాటరీని ముందు నింపండి, తర్వాతి మజిలీకి ఒకటైనా సిద్ధంగా ఉంటుంది. చివరి పదిశాతం ఎప్పుడూ నత్తనడకే. దారి తక్కువుంటే 90 దగ్గర తీసేసి రెండోది పెట్టడం మేలు.

7. రాత్రి బస చేసేచోట

బండి గంటల తరబడి ఆగి ఉండే ప్రయాణమైతే 500 వాట్-అవర్ల పవర్ స్టేషన్ (చేత్తో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టె) ఒకటి వెంట పెట్టుకోండి. పగలు నడుస్తున్న కారు నుంచి 100 వాట్లతో దాన్ని నింపితే ఐదారు గంటలు పడుతుంది. రాత్రి డ్రోన్ బ్యాటరీలను దాని నుంచి ఛార్జ్ చేసుకుంటే కారు బ్యాటరీని ముట్టుకునే పనే ఉండదు.

మర్నాడు ఎగరేయకపోతే బ్యాటరీలను నిండుగా ఉంచకండి. 40 నుంచి 60 శాతం మధ్య, అంటే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఆపండి. ఎండలో మూసి ఉన్న కారులో వాటిని ఎప్పుడూ వదిలిపోవద్దు, భోజనానికి దిగినా సంచీ వెంట తీసుకెళ్లండి.