రోలింగ్ షట్టర్ స్ప్రింగులు: తనిఖీ, సంరక్షణ, మార్పిడి

ఒంగోలు, నెల్లూరు బజార్లలోని కొట్లకూ, ఇళ్ళ కింద కార్లు పెట్టుకునే గదులకూ ఉండే రోలింగ్ షట్టర్ బరువులో అధికభాగాన్ని మోసేది మన చెయ్యి కాదు, పైన అడ్డంగా ఉన్న ఇరుసు మీది స్ప్రింగులు. షట్టర్‌ను దించుతున్నకొద్దీ అవి బిగుసుకుని శక్తిని దాచుకుంటాయి. ఎత్తేటప్పుడు ఆ శక్తినే తిరిగి ఇస్తాయి. కనుక షట్టర్ మూసి ఉన్నప్పుడు స్ప్రింగు జోలికి వెళ్ళడం ప్రాణాపాయం.

షట్టర్‌ను నడుము ఎత్తుకు లేపి, పాదాలు పక్కకు తీసి, మెల్లగా పట్టు సడలించండి. అక్కడే నిలిస్తే మంచిది. జారితే స్ప్రింగు బలం తగ్గినట్టు, దానంతటదే పైకి పోతే బిగింపు ఎక్కువైనట్టు.

కొత్తపట్నం, మైపాడు వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఉక్కును తొందరగా తినేస్తుంది. ఉదయం షట్టర్ ఎత్తగానే గడప మీద ఇటుకపొడి లాంటి ఎర్రని తుప్పు రాలి కనిపిస్తే, అది స్ప్రింగుల నుంచేమో మెకానిక్‌తో చూపించాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు ముందే, షట్టర్ పూర్తిగా ఎత్తి ఉంచి, అతని చేతనే పలుచని మెషీన్ ఆయిల్ వేయించండి. పక్క గాడులను పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అక్కడ గ్రీజు రాస్తే దుమ్ము పేరుకుని షట్టర్ బిగుస్తుంది.

మార్పిడి మాత్రం అనుభవజ్ఞుడే చేయాలని గట్టిగా చెబుతున్నాను. మోటారు ఉంటే ముందు కరెంటు ఆపాలి. పూర్తిగా పైకెత్తిన షట్టర్‌కు రెండు వైపులా ఆనిక పెట్టి, అప్పటికీ మిగిలి ఉండే బిగింపును కొద్దికొద్దిగా వదిలించిన తరువాతే బోల్టులు విప్పాలి. ఒక స్ప్రింగు విరిగితే మిగతావి కూడా అంతే అరిగి ఉంటాయి కాబట్టి, షట్టర్ బరువుకు తగిన కొలతలతో అన్నింటినీ ఒకేసారి మార్పించండి.