ముల్లు 15 మీద నిలిచినా చాలదు: ఆటోక్లేవ్ వాడే పద్ధతి

పోయిన వర్షాకాలంలో తెనాలి దగ్గరి పల్లె నుంచి మా చెల్లెలి కూతురు ఫోను చేసింది. ముత్యపు చిప్ప పుట్టగొడుగులకు విత్తనం, అంటే ఉడికిన జొన్నల మీద పెంచే పుట్టగొడుగు శిలీంధ్రం, తయారు చేసి రైతులకు అమ్మాలని ఆ అమ్మాయి ఒక నిలువు ఆటోక్లేవ్ కొనుక్కుంది. ఒత్తిడి పెంచిన ఆవిరితో సూక్ష్మజీవులను చంపే, పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి యంత్రం అది. మొదటి విడతలో 40 జొన్నల సంచులు పెడితే 30 పాడయ్యాయి.

"పెద్దమ్మా, ఒత్తిడి గేజ్ ముల్లు 15 మీదే ఉంది. 2 గంటలు ఉంచాను. అయినా ఎందుకు చెడిపోయాయి?"

"పచ్చ బూజు పట్టిందా, గింజలు జిగటగా అయ్యాయా?"

"జిగటగా ఉన్నాయి. పుల్లటి వాసన వస్తోంది."

ఆ జవాబుతో నాకు సగం సంగతి తెలిసిపోయింది. పచ్చ బూజు చాలావరకు తర్వాత వచ్చేది. విత్తనం కలిపేటప్పుడు గాలిలోంచో, చేతులనుంచో, సరిగా బిగించని దూది బిరడానుంచో చొరబడుతుంది. జిగట, పుల్లటి వాసన ఉంటే మాత్రం లోపల ముందునుంచీ ఉన్న బాక్టీరియా చావలేదని మొదట అనుమానించాలి. అందుకే రెండో ప్రశ్న వేశాను: "మూత మీది ఆవిరి కాక్, అదే ఆవిరి బయటకు పోయే చిన్న కుళాయి, ఎప్పుడు మూశావు?"

"మూత బిగించగానే మూసేశాను. ఆవిరి వృథాగా పోతుందని."

తప్పు అక్కడే జరిగింది. 27 ఏళ్లు ఆసుపత్రుల స్టెరిలైజేషన్ గదుల్లో పని చేశాను. ఈ ఒక్క తప్పును కొత్త నర్సులు చేయగా చూశాను, అనుభవమున్న ల్యాబ్ టెక్నీషియన్లు చేయగా చూశాను, చదువుకున్న దంతవైద్యులు చేయగా చూశాను. అందుకే దీని గురించి వివరంగా రాస్తున్నాను.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గేజ్ చూపించేది ఒత్తిడిని మాత్రమే. ఆ ఒత్తిడి ఆవిరిదా, గాలిదా అన్నది దానికి తెలియదు. గాలంతా బయటకు పోయి పూర్తిగా ఆవిరే నిండితే చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర లోపల 121 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. గాలిలో సగమే పోతే అదే 15 పౌండ్ల దగ్గర 112 డిగ్రీలే ఉంటుంది. గాలి అసలు పోకపోతే 100 డిగ్రీలు. అంటే మా అమ్మాయి 2 గంటల సేపు జొన్నలను ఉడకబెట్టింది, అంతే. మరిగే నీటి వేడికి మామూలు సూక్ష్మజీవులు చస్తాయి. కొన్ని బాక్టీరియాలు గట్టి పెంకు కట్టుకుని స్పోరులుగా మారతాయి. అవి గంటల తరబడి మరిగినా బతికి బయటపడతాయి. చల్లారాక, ఉడికిన జొన్న వాటికి పంచభక్ష్య పరమాన్నం.

గాలిని వెళ్లగొట్టడానికి ఇంకో కారణమూ ఉంది. ఆవిరి చల్లని వస్తువును తాకి నీరుగా మారేటప్పుడు గ్రాముకు దాదాపు 540 కేలరీల వేడిని ఒక్కసారిగా దానికి ఇచ్చేస్తుంది. వేడిగాలికి ఆ శక్తి లేదు. పొడి వేడితో స్టెరిలైజ్ చేసే ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు పట్టే పని, ఆవిరితో 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాల్లో అయ్యేది ఇందువల్లే. మధ్యలో గాలి పొర అడ్డుపడితే ఆవిరి వస్తువును తాకదు. 1879లో పాశ్చర్ ప్రయోగశాలలో చార్లెస్ చాంబర్లాండ్ ఈ యంత్రాన్ని రూపొందించినప్పటి నుంచి ఎన్ని మీటలు, తెరలు వచ్చి చేరినా అసలు పని మారలేదు: గాలిని తోసెయ్యాలి, ఆవిరిని ప్రతి మూలకూ చేర్చాలి.

ఇప్పుడు నడిపే పద్ధతి. చిన్న ఆసుపత్రుల్లోనూ, ల్యాబుల్లోనూ, పుట్టగొడుగుల కేంద్రాల్లోనూ ఎక్కువగా కనిపించే నిలువు యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని చెబుతాను.

అడుగున నీరు హీటరు పూర్తిగా మునిగేలా, పైన ఇంకో రెండు వేళ్ల లోతు ఉండేలా పోయండి. బోరు నీళ్లు వద్దు. ఉప్పు నీళ్లున్న ఊళ్లలో నెల తిరగకుండానే హీటరు మీద సున్నం తెల్లగా గడ్డకడుతుంది. ఆ తర్వాత వేడెక్కడం ఆలస్యమవుతుంది, చివరకు హీటరే మాడిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ మేలు, అది దొరకకపోతే ఆర్వో నీళ్లు వాడండి.

సామాను సర్దడంలో తొందర పనికిరాదు. ఆవిరి కంటే గాలి బరువు. అందువల్ల నిటారుగా పెట్టిన ఖాళీ గిన్నెలో గాలి నీళ్లలా నిలిచిపోతుంది. ఖాళీ గిన్నెలు, జగ్గులు, ఫ్లాస్కులు పక్కకు వాల్చి పెట్టండి. కత్తెరలు, ఫోర్సెప్స్ నోరు తెరిచి ఉంచండి. బట్టల డ్రమ్ము పెడుతుంటే దాని పక్క రంధ్రాలు తెరిచే ఉండాలి; బయటకు తీసిన వెంటనే మూసేయాలి. రంధ్రాలు మూసిన డ్రమ్మును యంత్రంలో పెట్టి, గంట తర్వాత తీసి, "అయిపోయింది" అని ఆపరేషన్ థియేటర్‌కు పంపిన రోజును నేను చూశాను. సిస్టర్ ఒకరు టేబుల్ మీద దాన్ని తెరిచేలోపే గుర్తుపట్టడం ఆ రోగి అదృష్టం. ఏ రకం సామాను అయినా కుక్కి నింపవద్దు. రెండు మూటల మధ్య అరచేయి నిలువుగా దూరాలి.

మూత బిగించేటప్పుడు ఎదురెదురు నట్లను జంటలుగా కొంచెం కొంచెం బిగించండి. ఒక పక్క పూర్తిగా బిగిస్తే మూత అంచున ఉండే రబ్బరు వలయం, గ్యాస్కెట్, వంకరగా కూర్చుంటుంది.

ఇక ముఖ్యమైన ఘట్టం. హీటరు వేసి, ఆవిరి కాక్ తెరిచే ఉంచండి. మొదట చల్లటి గాలి వస్తుంది. తర్వాత తెగి తెగి, ఉమ్మినట్లు, గాలీ ఆవిరీ కలిసి వస్తాయి. ఆ తర్వాత ఒకే ధారగా, ఒకే చప్పుడుతో ఆవిరి దూకుతుంది. ఆ ధార మొదలయ్యాక కూడా కనీసం 5 నిమిషాలు, నిండుగా సర్దితే 10 నిమిషాలు ఆగి, అప్పుడు కాక్ మూయండి. ఆ ఆవిరి వృథా కాదు. గాలిని బయటకు తోస్తున్నది అదే.

ముల్లు 15 చేరాకే గడియారం చూడండి. స్విచ్ వేసినప్పటి నుంచి లెక్కపెట్టేవాళ్లు సగం సమయాన్ని వేడెక్కడానికే ఖర్చు చేసేస్తారు. ఎత్తైన ప్రాంతాల వాళ్లకు ఇంకో మాట. అరకు లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి గేజ్ 15 చూపినా లోపల 121 డిగ్రీలు రావు. ముల్లును ఇంకో పౌండున్నర పైకి తీసుకెళ్లాలి. హైదరాబాదులో ఒక పౌండు చాలు.

సమయం అయ్యాక స్విచ్ ఆపి, ముల్లు సున్నాకు వచ్చేదాకా మూత జోలికి పోకండి. లోపల ద్రవాలుంటే ఇది మరీ ముఖ్యం. ఒత్తిడి ఒక్కసారి తగ్గితే 121 డిగ్రీల దగ్గరున్న ద్రవం భళ్లున పొంగుతుంది. నాతో పని చేసిన ఒక అమ్మాయి బస్సు టైమైపోతోందని కాక్ పూర్తిగా తిప్పి మూత తీసింది. అగార్ (ల్యాబులో సూక్ష్మజీవులను పెంచే జెల్లీ) ఉన్న ఫ్లాస్కు పొంగి మణికట్టు దాకా కాలింది. ఆ చేత్తో ఆమె నెలరోజులు అన్నం తినలేకపోయింది. సీసాలను మూడింట రెండు వంతులే నింపండి, మూతలు వదులుగా ఉంచండి, దానంతటదే చల్లారనివ్వండి. బట్టలు, పరికరాలైతే సున్నాకు వచ్చాక మూతను సన్నగా సందు వదిలి 10-15 నిమిషాలు ఆరనివ్వాలి. తడిసిన మూట శుభ్రమైనది కాదు. తడి వెంట సూక్ష్మజీవులు బట్టలోకి దారి చేసుకుంటాయి.

ఇంతవరకు అందరికీ ఒకటే. ఆపైన ఏ రంగం అవసరం ఆ రంగానిది.

థియేటర్ బట్టల మూటలకు 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఇస్తాం. పెద్ద ఆసుపత్రుల్లో పంపుతో గాలిని ముందే లాగేసే యంత్రాలుంటాయి. వాటిలో 134 డిగ్రీల దగ్గర 3-4 నిమిషాలు చాలు. దంతవైద్యులు పన్ను తొలిచే హ్యాండ్‌పీస్ లోపల సన్నని గొట్టాలు ఉంటాయి. గాలి అందులో దాక్కుంటుంది కాబట్టి వాళ్లకు గాలిని లాగే రకం యంత్రమే సరైనది. ఏ రంగమైనా కడగకుండా ఏదీ పెట్టవద్దు. ఎండిన రక్తం కింద ఉన్నదాన్ని ఆవిరి తాకలేదు. వ్యాజలీన్, నూనె, పౌడరు వంటివి ఆటోక్లేవ్‌కు తగవు, ఆవిరి వాటిలోకి చొరబడదు. వాటికి పొడి వేడి ఓవెనే.

చిన్న కణజాలపు ముక్క నుంచి మొక్కలు పెంచే టిష్యూ కల్చర్ వాళ్ల కష్టం దీనికి తలకిందులు. జి-9 రకం అరటి మొక్కలు పెంచే ద్రావణంలో పంచదార ఉంటుంది. 121 డిగ్రీల దగ్గర 15 నుంచి 20 నిమిషాలు దాటిస్తే అది గోధుమరంగుకు తిరుగుతుంది, మొక్క ఎదుగుదల దెబ్బతింటుంది. "ఇంకో పది నిమిషాలు ఉంచితే ఇంకా మంచిది" అనే ఆలోచన అక్కడ నష్టం చేస్తుంది. వేడికి తట్టుకోలేని హార్మోన్లను విడిగా 0.22 మైక్రాన్ల ఫిల్టరుతో వడకట్టి, చల్లారాక కలుపుతారు.

పుట్టగొడుగుల విత్తనానికి జొన్నలను పగలకుండా ముక్కాలు వంతు ఉడికించి, నీడలో తడి ఆరబెట్టి, కిలోకు 20 గ్రాముల కాల్షియం కార్బొనేట్ కలపాలి. ఇది గింజల్లో పులుపు పెరగకుండా చూస్తుంది. పాలీప్రొపిలీన్ సంచులే వాడాలి. మామూలు పాలిథీన్ కరిగి ముద్దవుతుంది. గింజల మధ్య గాలి చాలా ఉంటుంది, లోపలికి వేడి నెమ్మదిగా పాకుతుంది. అందుకే ఇక్కడ 15 కాదు, 20 పౌండ్ల దగ్గర 2 గంటలు.

ఆసుపత్రి వ్యర్థాలకు లెక్క వేరు. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గాలి దానంతటదే దిగిపోయే రకం యంత్రంలో 121 డిగ్రీలు, 15 పౌండ్ల దగ్గర 60 నిమిషాలకు తగ్గకూడదు. బ్లీచింగ్‌లో ముంచినవాటిని మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి. క్లోరిన్ ఆవిరి మీ ఊపిరితిత్తులనూ యంత్రాన్నీ రెంటినీ తినేస్తుంది.

ఈ యంత్రపు పెద్దన్నలు సూక్ష్మజీవుల ఊసే లేని చోట్ల పని చేస్తున్నాయని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ కాంక్రీటు ఇటుకలను ఫ్లైయాష్ (బొగ్గు బూడిద), సున్నం, సిమెంటు, కాస్త అల్యూమినియం పొడితో పొంగించి, రైలుపెట్టె అంత ఆటోక్లేవ్‌లోకి తోసి, 180 డిగ్రీలకు పైగా ఆవిరిలో 8 నుంచి 12 గంటలు మగ్గబెడతారు. లోపలికి ఆవిరి పంపడానికి ముందు వాళ్లూ గాలిని లాగేస్తారు. కారు ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి, ఒత్తిడి కలిపి పొరల మధ్య చిక్కిన గాలి బుడగలను మాయం చేసేది ఆటోక్లేవే. విమానాలకు వాడే కార్బన్ ఫైబర్ భాగాలను సంచిలో మూసి, లోపలి గాలి లాగేసి, బయట నైట్రోజన్‌తో నొక్కుతారు. ఆవిరి లేకపోయినా, చిక్కుకున్న గాలే అక్కడ కూడా శత్రువు.

మరి గాలి పోయిందని నమ్మకం ఏమిటి? మూట మీద అంటించే టేపు గీతలు నల్లబడితే ఆ మూట వేడిలోకి వెళ్లి వచ్చిందని మాత్రమే అర్థం, లోపల ఏం జరిగిందో అది చెప్పదు. గాలిని లాగే పెద్ద యంత్రాలకు రోజూ ఉదయం ఖాళీగా నడిపి చేసే బోవీ-డిక్ పరీక్ష ఉంది. లోపల పెట్టిన పరీక్ష కాగితం మధ్యలో రంగు మారని మచ్చ మిగిలితే ఆ రోజు యంత్రాన్ని ఆపేయాలి. అన్నిటికంటే నమ్మదగినది స్పోరు పరీక్ష. జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే మొండి బాక్టీరియా స్పోరులున్న చిన్న గొట్టాన్ని సామాను మధ్యలో, ఆవిరికి అందడం కష్టమైన చోట పెట్టి నడపాలి. తర్వాత దాన్నీ, యంత్రంలో పెట్టని ఇంకో గొట్టాన్నీ కలిపి 55-60 డిగ్రీల దగ్గర ఒకటి రెండు రోజులు ఉంచాలి. యంత్రంలో పెట్టనిది పసుపు రంగుకు మారాలి. పెట్టింది ఊదాగానే ఉండాలి.

సేఫ్టీ వాల్వును నెలకోసారి చేత్తో లేపి చూడండి, అది కారుతోందని దాని మీద బరువు పెట్టే పని ఎన్నడూ చేయకండి. గ్యాస్కెట్ గట్టిపడి పగుళ్లు కనిపిస్తే ఆ రోజే మార్చండి. ప్రతి విడతకూ తేదీ, కాక్ మూసిన సమయం, ముల్లు 15 చేరిన సమయం, ఆపిన సమయం ఒక పుస్తకంలో రాయండి.

మా అమ్మాయి రెండో విడతకు నేను తెనాలి వెళ్లాను. ధార నిలకడగా వచ్చాక 10 నిమిషాలు ఇద్దరం కాక్ పక్కనే నిలబడి ఆ చప్పుడు విన్నాం. సంచుల నడుమ స్పోరు గొట్టం పెట్టాం. రెండు రోజుల తర్వాత ఫోటో పంపింది: ఒకటి పసుపు, ఒకటి ఊదా. వాటి కింద తన పుస్తకంలో ఆ రోజు పేజీ.