కత్తెరతో పిల్లలమర్రి: ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చిత్రలేఖన పాఠాలు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లల ముందు పేరున్న చిత్రకారుడి బొమ్మను పెట్టి అచ్చుగుద్దినట్టు దించమంటే, చెయ్యి తిరిగిన ఇద్దరు ముగ్గురు తప్ప తక్కినవారు కాసేపటికే రబ్బరు పట్టుకుని కూర్చుంటారు. అందువల్ల ఆ చిత్రకారుడు పనిచేసిన తీరును మాత్రమే అరువు తెచ్చుకుని, గీసే విషయాన్ని మన ప్రాంతం నుంచే తీసుకోవడం మేలు.

మహబూబ్‌నగర్ ప్రాంత ఉపాధ్యాయులకు మొదట సూచించదగినది హెన్రీ మతీస్ పద్ధతి. ఈ ఫ్రెంచి చిత్రకారుడు 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగిన తరువాత ఎక్కువసేపు నిలబడి పనిచేయలేక, సహాయకుల చేత కాగితాలకు రంగు పూయించి, వాటిని కత్తెరతో ఆకారాలుగా కోసి, గోడకు గుండుసూదులతో గుచ్చి, కుదిరేదాకా చోటు మారుస్తూ చిత్రాలు కూర్చాడు. పట్టణానికి చేరువలోని పిల్లలమర్రి ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఊడలు దిగి మానులైన ఆ చెట్టులో కొమ్మలెంత కనిపిస్తాయో వాటి నడుమ ఖాళీలూ అంతే కనిపిస్తాయి. చెదలు పట్టిన ఆ చెట్టుకు 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన సంగతి చెబితే, కొందరు ఆ సీసాలనూ కోసి అతికిస్తామంటారు, అడ్డు చెప్పనక్కరలేదు.

మొదటి పీరియడ్ రంగు పూయడానికే పోతుంది. డ్రాయింగ్ షీటు మందంగా ఉండి కత్తెరకు లొంగదు కనుక, ఒకవైపు వాడేసిన తెల్ల కాగితాల రెండోవైపు పోస్టర్ రంగును చిక్కగా, కాగితానికి ఒకే రంగు చొప్పున పూయించి దండెం మీద ఆరవేయాలి. బజారులో దొరికే రంగు కాగితాలతో పని త్వరగా తెములుతుంది గానీ, బ్రష్షు చారలు తెచ్చే అందం వాటికి రాదు.

కోసేముందు పెన్సిళ్లు సంచుల్లో పెట్టించాలి. కత్తెర పట్టిన చేతిని కదపకుండా, రెండో చేత్తో కాగితాన్ని తిప్పుతూ కోస్తే వంపు నున్నగా వస్తుంది. అంచు దగ్గర మొదలుపెట్టి తెగ్గొట్టకుండా ఒకే కోతగా పోతే, ఊడ ఆకారం ఒక చేతిలో, దాని పక్కనుండే ఖాళీ ఆకారం మరో చేతిలో మిగులుతాయి. పిల్లలు చెత్తబుట్టలో వేయబోయే ఆ రెండో ముక్కే చాలాసార్లు చిత్రానికి ప్రాణం. ఫ్యాను ఆపించి, ముక్కలన్నీ చార్టు మీద జిగురు లేకుండా పేర్చి, నాలుగడుగులు వెనక్కి జరిగి చూసి, కదపవలసినవి కదిపాకే అతికించనివ్వాలి. పలుచని జిగురు తడికి పోస్టర్ రంగు కరిగి చెదురుతుంది కాబట్టి, చిక్కని జిగురును వెనకవైపు కొద్దిగానే రాయించాలి.

రెండో పాఠానికి 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన తోట వైకుంఠం చాలు. తెలంగాణ పల్లె స్త్రీలను పెద్ద బొట్టుతో, ముదురు ఎరుపు, పసుపు రంగులతో చిత్రించిన ఆయన తీరులో, ఇంట్లో అమ్మ లేదా నాయనమ్మ ముఖాన్ని గీయించవచ్చు. రంగులు కలపకూడదన్న ఒక్క నియమం పెట్టి, చీర అంచును మాత్రం ఇంట్లోని గద్వాల చీరనో నారాయణపేట చీరనో దగ్గరగా చూసి వేయమనాలి. నల్లగొండ వైపు పిల్లలు పోచంపల్లి చీరను ఎంచుకుంటే, నేతకు ముందే నూలుకు ముడులు కట్టి అద్దకం వేయడం వల్ల దాని డిజైను అంచులు కాస్త చెదిరినట్టుంటాయని చూపించి, స్కెచ్ పెన్నుకు బదులు తడి కాగితం మీద బ్రష్షుతో వేయించాలి.

మార్కులు పోలికకు వేయకండి. ఏ రంగు పక్కన ఏది ఎందుకు పెట్టారో రెండు వాక్యాలు చిత్రం వెనక రాయించి, వాటిని చదివాక వేయండి.