అకార్డియన్‌లో భావం పలికించడం ఎలా? పనంతా ఎడమ చేతిదే

మా విజయనగరంలో నాకు తెలిసి అకార్డియన్ పట్టినవాళ్లంతా ముందు హార్మోణీ మీద చెయ్యి తిరిగినవాళ్లే, నేనూ నాటకం పద్యాలకి వాయించి వాయించి ఇటొచ్చిన బాపతే. అందుకే మొదట్లో అందరం ఒకటే తప్పు చేస్తాం, సౌండ్ పెరగాలని మెట్టుని గట్టిగా నొక్కేస్తాం. నొక్కితే ఏటొస్తుందండీ, వేళ్ల నొప్పి తప్ప! మెట్టు గాలికి తలుపు తీస్తుంది, అంతే. మిగతాదంతా ఎడమ చేత్తో లాగి మూసే తిత్తి పని, అదే బెలోస్.

హార్మోణీ లోపల స్ప్రింగుతో ఇంకో తిత్తి ఉంటుంది, మనం ఎగుడుదిగుడుగా కొట్టినా అది కొంత సర్దేస్తుంది. అకార్డియన్‌లో అలాంటిదేం లేదు, చెయ్యి వణికితే స్వరమూ వణుకుతుంది. కష్టమే గానీ భావం పలికేది కూడా అందువల్లే, వయొలిన్‌కి కమాను ఎలాగో దీనికిది అలాగ. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కాలేజీ ఉన్న ఊళ్లో కమాను గురించి విడమరిచి చెప్పక్కర్లేదనుకోండి.

ముందు పట్టీలు సరిచూసుకోండి. ఎడమ చేతి పట్టీ వదులైతే తిత్తి దిశ మార్చిన ప్రతిసారీ ఒక కుదుపు వినిపిస్తుంది. కూర్చుని, తిత్తిని ఎడమ తొడ మీద ఆనించి, విసనకర్రలా పైన విచ్చుకునేట్టు తెరవండి.

ఇప్పుడు ఒక్క స్వరం, మధ్యస్థాయి సా చాలు. పది లెక్కపెడుతూ తెరవండి, పది లెక్కపెడుతూ మూయండి, ఒకటికీ పదికీ సౌండ్‌లో తేడా రాకూడదు. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి, మన చెవి వాయించేటప్పుడు మనకి అబద్ధం చెప్తుంది. అది కుదిరాకే సన్నగా మొదలెట్టి ఐదు దాకా పెంచి పదికి తగ్గించడం. వారం పడితే పట్టనీండి, పాటల మీదకి వెళ్లిపోవద్దు.

తర్వాత స్వరం ఎత్తుకోవడం. మెట్టు ముందు నొక్కి తిత్తి మెల్లగా కదిపితే స్వరం మెత్తగా వస్తుంది, తిత్తిలో ఒత్తిడి ముందే పెట్టి అప్పుడు మెట్టు నొక్కితే టక్కున తెగినట్టొస్తుంది. జోలపాటకి మొదటిది, స్టెప్పుల పాటకి రెండోది.

అసలైన పని ఇక్కడుంది. పాట నోటితో పాడుకుంటూ ఎక్కడ ఊపిరి తీస్తున్నారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి, తిత్తి దిశ అక్కడే మార్చాలి, మాట మధ్యలో మార్చారంటే మాట విరిగిపోయినట్టే. గాలి కుదరకపోతే పాట మధ్య ఖాళీల్లో గాలి బటన్ నొక్కి చప్పుడు లేకుండా సర్దుకోవచ్చు.

రిజిస్టర్ల విషయానికొస్తే, అంటే ఏ రీడ్స్ (గాలికి మోగే లోహపు నాలుకలు) మోగాలో ఎంచుకునే మీటలు, మన పాటలకి నేనైతే క్లారినెట్ రిజిస్టరే పెడతాను. మ్యూజెట్ అనే రిజిస్టర్‌లో రీడ్స్‌ని కావాలనే ఒకదానికొకటి కొంచెం తేడాగా శ్రుతి చేస్తారు, ఆ అల వినడానికి బాగుంటుంది గానీ తంబూరా పక్కన పెడితే చెవికి పొసగదు. ఎడమ చేతివైపు ఉండే బేస్ బటన్లు పొట్టిగా కొట్టి వదిలేయండి చాలు.

ఇక గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోణీని నిషేధించింది, గమకాలు పలకవన్నది అందులో ఒక కారణం, ఇదీ ఆ జాతిదే. కాకపోతే చిన్న కిటుకుంది: కింది స్థాయి స్వరానికి ఒకటే రీడ్ మోగే రిజిస్టర్ పెట్టి, మెట్టు సగమే నొక్కి, తిత్తి గట్టిగా లాగితే స్వరం కాస్త కిందికి జారుతుంది. పద్యం ఆఖర్లో ఒక్కసారి వేస్తే జనం తలూపుతారు, చరణానికొకసారి వేస్తే మాత్రం పెట్టె పాడైందేమో అనుకుంటారు.