చక్రం గాల్లోకి లేపాకే గ్రీజు కొట్టండి

లారీ ముందు యాక్సిల్‌కు గ్రీజు కొట్టడమంటే చాలా బళ్ల దగ్గర జరిగేది ఒకటే. బండి నేల మీదే ఉంటుంది. క్లీనరు గ్రీజు గన్ అందుకుని నిప్పుల్‌కు (గ్రీజు ఎక్కించే చిన్న మూతికి) నాలుగు పంపులు కొడతాడు, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన నిలువు పిన్) పై బుష్, అంటే పై తొడుగు, దగ్గర కాస్త గ్రీజు కనపడగానే చేయి తుడుచుకుంటాడు. కింద బరువు మోసే త్రస్ట్ బేరింగుకు చుక్క కూడా చేరదు. విజయవాడ ఆటోనగర్‌లో కింగ్ పిన్ పని చేస్తాను కాబట్టి చెబుతున్నా, నా దగ్గర విప్పే త్రస్ట్ బేరింగుల్లో ఎక్కువ భాగం అరిగి పోయినవి కావు, ఎండి పోయినవి.

బండి ముందు భాగం బరువంతా యాక్సిల్ చివర నుంచి ఆ బేరింగు మీదుగా స్టబ్ యాక్సిల్‌కు (చక్రం ఎక్కే ఇరుసు ముక్కకు) దిగుతుంది. బరువు కింద నలిగి ఉన్నప్పుడు గ్రీజు దూరడానికి సందు ఉండదు. యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపితే స్టబ్ యాక్సిల్ కిందికి వేలాడి సందు తెరుచుకుంటుంది. అప్పుడు కొట్టండి. కొడుతూ స్టీరింగ్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పించండి. పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి వచ్చేదాకా ఆపొద్దు. వెనక చక్రాలకు అడ్డం పెట్టకుండా, స్టాండు లేకుండా జాకీ ఒక్కదాని మీద నమ్మకంతో కిందికి దూరకండి. కొన్ని కొత్త యాక్సిళ్లకు చక్రం నేల మీద ఉండగానే కొట్టమని కంపెనీ పుస్తకంలో ఉంటుంది, వాటికి పుస్తకం మాటే వినండి.

ఎంత కొట్టినా గ్రీజు దిగకపోతే నిప్పుల్ మార్చి చూడండి. అప్పటికీ దిగకపోతే బుష్ ఎక్కించినప్పుడు దాని రంధ్రం నిప్పుల్ రంధ్రానికి ఎదురుగా పడలేదేమో అనుమానించాలి. అలాంటి బండికి రోజూ గన్ పెట్టినా ఫలితం లేదు. కింగ్ పిన్ పని చేయించేటప్పుడు పక్కనే నిలబడి ఈ ఒక్కటీ చూసుకోండి.

చక్రం లేపారు కాబట్టి ప్లే (వదులు కదలిక) కూడా చూడండి. టైరును పైనా కిందా పట్టుకుని, లేదా కింద రాడ్ పెట్టి, ఊపండి. కదిలితే ఒకరిని బ్రేక్ తొక్కి పట్టమనండి. కదలిక ఆగితే హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగు వదులైంది. ఆగకపోతే కింగ్ పిన్ బుష్‌లు పోయాయి. ఎడమా కుడీ పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే టై రాడ్ ఎండ్ (రెండు ముందు చక్రాలను కలిపే రాడ్ చివరి కీలు) చూడాలి. ఇది తెలియక మంచి హబ్ బేరింగులు మార్చేసి డబ్బు పోగొట్టుకున్న ఓనర్లను చూస్తే నాకు బాధేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాకుండా బరువుగా ఉంటే త్రస్ట్ బేరింగు వైపు చూడండి.

హబ్ బేరింగులను పాడు చేసేది ఎక్కువగా బిగింపే. ప్లే అసలే లేకుండా బిగిస్తే వేడెక్కి రోలర్లు నీలం తిరుగుతాయి. వదులుగా ఉంటే సీలు (గ్రీజు బయటికి, నీళ్లు లోపలికి పోకుండా ఆపే రింగు) పోతుంది, టైరు తినేస్తుంది. హబ్‌ను చేత్తో తిప్పుతూ నట్టు బిగించాలి, రోలర్లు కుదురుకున్నాక పుస్తకంలో చెప్పినంత వెనక్కి తిప్పి లాక్ చేయాలి. మామూలు టేపర్ రోలర్ హబ్‌కు 0.025 నుంచి 0.125 మి.మీ. ప్లే ఉండాలి. అది చేతి అంచనాకు అందే కొలత కాదు, డయల్ గేజ్ ఉన్న మెకానిక్‌నే వెతుక్కోండి. యూనిట్ బేరింగులు (కంపెనీలోనే బిగింపు సరిచేసి మూసి వచ్చేవి) ఉన్న హబ్‌లను మాత్రం ఈ పద్ధతిలో విప్పకూడదు.

విప్పిన బేరింగును డీజిల్‌లో కడిగి ఆరబెట్టండి. కంప్రెసర్ గాలితో గిర్రున తిప్పే అలవాటు మానిపించండి, గ్రీజు లేని రోలర్లు గీసుకుపోతాయి, కేజ్ (రోలర్లను పట్టి ఉంచే చట్రం) ఊడి ముఖానికి తగలొచ్చు. అరచేతిలో గ్రీజు పెట్టుకుని రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా ఒత్తాలి. హబ్ నిండా కూరితే వేడి పెరుగుతుంది, కరిగి బ్రేక్ లైనర్ల మీదికి వస్తుంది. కోన్ (బేరింగు లోపలి రింగు) మారిస్తే కప్పు (బయటి రింగు) కూడా మార్చాలి, ఆయిల్ సీలు ప్రతిసారీ కొత్తదే. ఎర్ర గ్రీజా, నీలం గ్రీజా అని అడుగుతుంటారు. రంగుతో పని లేదు. లిథియం వాడుతుంటే అదే వాడండి, వేరే రకం కలిపితే పలచబడి కారిపోవచ్చు.

నీటి విషయం. ఘాట్ దిగి డ్రమ్ములు మండిపోతున్న బండిని నేరుగా ఇసుక రీచ్ నీళ్లలోకి దించకండి. హబ్ ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, సీలు అంచు గుండా నీటిని లాక్కుంటుంది. ఆకివీడు, భీమవరం నుంచి ఐసు చేపలు తీసుకెళ్లే బళ్లకు కారే నీళ్లతోనే వెనక హబ్‌లు నానుతాయి, వాటి సీళ్లు తరచుగా చూడాలి. విప్పినప్పుడు గ్రీజు మజ్జిగలా తెల్లబడి ఉంటే నీళ్లు చేరినట్టే. వాటర్ సర్వీసులో పైపు నేరుగా సీళ్ల మీద, కింగ్ పిన్ మీద పెట్టనివ్వకండి. కడిగిన రోజే గ్రీజు కొట్టండి.

బరువు గురించి చెప్పక తప్పదు. 2018లో కేంద్రం రెండు యాక్సిళ్ల లారీ మొత్తం బరువు పరిమితిని 16.2 నుంచి 18.5 టన్నులకు పెంచింది. పాత బండిలో బేరింగు మాత్రం పాత సైజుదే. రోలర్ బేరింగు మీద బరువు నాలుగో వంతు పెరిగితే దాని ఆయుష్షు సగం కంటే తక్కువకు పడిపోతుంది. చీమకుర్తి రాయి ఎత్తే ఓనర్లు ఈ లెక్క వేసుకుని కిరాయి మాట్లాడుకోవాలి.

కమాన్ కట్టల యూ బోల్టులు, షాకిల్ బుష్‌లు, టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు లోపలికి తిరిగి ఉండే కొలత) కూడా అప్పుడప్పుడూ చూపించండి. అవి వదులైతే ఆ దెబ్బలన్నీ బేరింగులకే తగులుతాయి.

కొత్త బేరింగులు వేశాక మొదటి ట్రిప్పులో టీ కోసం ఆగినచోట హబ్‌ల దగ్గర చేయి పెట్టి చూడండి, తాకేముందు వేడి చేతికి తెలుస్తుంది. ఒక పక్క రెండో పక్కకంటే బాగా వేడిగా ఉంటే బ్రేక్ పట్టేసిందో, నట్టు ఎక్కువ బిగిసిందో. అక్కడే ఆపి చూపించుకుని బయల్దేరండి. వీల్ నట్లు కూడా అప్పుడే మళ్లీ బిగించుకోండి.